పన్నెండు ఆవులూ ఒక దగ్గూ

మూడో ఆవు కింద కూర్చునేసరికి తూర్పు ఇంకా తెల్లబడలేదు. మోకాళ్ల మధ్య ఇరికించుకున్న బకెట్టు అడుగున పాలధార టంగుమంది. ఖాళీ బకెట్టులో పాలు టంగుమంటాయి, రెండు వేళ్ల మందం చేరాక జుయ్యిమంటాయి, సగం దాటాక నురగలో దిగి గుసగుసలాడతాయి. ముప్ఫై నాలుగేళ్లుగా ఆ ముసలాడి గడియారం అదే. ఏ ఆవు ఎంతసేపు తీసుకుంటుందో, ఏది చివర్లో కాలెత్తుతుందో, ఏది తోకతో చెంప ఛెళ్లుమనిపిస్తుందో అంతా చేతులకి తెలుసు. తల మాత్రం ఆవు డొక్కకి ఆనించి వేరే సంగతులు ఆలోచించుకుంటుంది. అలా ఆనించి ఆనించి నుదుటికి ఎడమ పక్కన అరచెయ్యంత మేర జుట్టు ఊడి నున్నగా మెరుస్తుంది. బొటనవేళ్ల కణుపులు ఉసిరికాయలంత లావెక్కి, చెయ్యి తెరిచి చాపమంటే ఇప్పుడు పూర్తిగా చాపలేడు. అన్నం తినేటప్పుడు కూడా ఆ వేళ్లు ఏదో చన్ను పట్టుకున్నట్టే వంగి ఉంటాయి.

ఆ డెయిరీలో నాలుగు షెడ్లున్నాయి. మూడోది అతనిది. రేకుల కప్పు, సిమెంటు నేల, వెనక వైపు పేడనీళ్లు పోయే కాలువ, గోడ మీద ఒకటి నుంచి పన్నెండు దాకా నీలం రంగుతో వేసిన అంకెలు. అతని అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా బతికి లేదు. నాలుగు షెడ్ల వాళ్లకీ అతను దగ్గుతాత. కుర్రతనంలో ఏడేళ్లు గడ్డి కోసే మిషను గదిలో పనిచేశాడు. ఆ గదికి ఒక్క కిటికీ పెట్టిస్తే ఎవరి సొమ్మూ పోయేది కాదు. పెట్టించలేదు. ఏడేళ్ల నలుసంతా ఊపిరితిత్తుల్లో సర్దుకుంది. ఆ గది నుంచి పాలు పితికే పనిలోకి మారాడు కాని దగ్గు మాత్రం వెంట వచ్చింది. గేటు దగ్గర మొదలుపెడితే షెడ్డు గుమ్మం దాకా దగ్గుతూనే వస్తాడు. రాళ్ల మీద ఇనప బండి ఈడ్చుకొచ్చినట్టుంటుంది ఆ దగ్గు.

ఇవాళ మాత్రం దగ్గు రాబోతే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పక్కనే నిలబడ్డ మేనకోడలు మగ్గు అంచు మీద చెంచాతో మూడుసార్లు కొట్టింది. టిక్, టిక్, టిక్. నాలుగో ఆవు నెమరు ఆపి చెవి ఇటు తిప్పింది. తువ్వాలు చాటు నుంచి అతను చిన్నగా, ఉడుత కీచుమన్నంత చిన్నగా ఒక్కసారి దగ్గాడు. ఆవు పొదుగు బిగిసింది, చన్నులు నిండాయి.

"ఇదే ఆఖరు దగ్గు" అన్నాడు. "సాయంత్రం ఇది కూడా ఉండదు."

"తెలుసులే మావయ్యా" అందామె.

సాయంత్రం సంగతి తెలియాలంటే ముందు ఒక మాట తెలియాలి. పొదుగులో పాలుండటం వేరు, ఆవు చేపడం వేరు. గడ్డీ నీళ్లూ తిన్న ప్రతి ఆవుకీ పాలుంటాయి. వాటిని చన్నుల్లోకి వదలడం మాత్రం దాని ఇష్టం. దూడ మూతితో పొడిస్తే వదులుతుంది. నమ్మకం కుదిరితే వదులుతుంది. భయపడితే బిగబట్టేస్తుంది, అప్పుడు పహిల్వాన్ని తెచ్చి కూర్చోబెట్టినా గిద్దెడు రావు. మూడో షెడ్డు ఆవులు దగ్గుతాతకి చేపినట్టు ఎవరికీ చేపవు. అది అతని హస్తవాసి అని అందరూ అనేవాళ్లు. అతను కూడా అదే అనుకున్నాడు. పొగరుబోతు కాడు, ఎవరి దగ్గరా గొప్పలు పోలేదు. కాని ఏమీ లేని మనిషికి లోపల ఎక్కడో ఒక గొప్ప దాచుకునే చోటు ఉంటుంది కదా, ఆ చోట తన రెండు చేతుల్నీ పెట్టుకున్నాడు.

కిందటి నెల ఊపిరాడక నాలుగు రోజులు ఆస్పత్రిలో పడుకున్నాడు. మిగతా షెడ్ల పాలగాళ్లు వంతులేసుకుని అతని ఆవుల్ని పితికారు. సగం పాలే వచ్చాయి. చిట్టు మార్చి చూశారు, తౌడు మార్చి చూశారు. ఆవులు వాసన పట్టాయేమోనని రెండో షెడ్డు పొట్టివాడు దగ్గుతాత పాత చొక్కా తొడుక్కుని, తలకి అతని తువ్వాలే చుట్టుకుని, కాస్త వంగి నడుస్తూ వచ్చి కూర్చున్నాడు. చివరాఖరి ఆవు వాణ్ని తన్నిన తన్నుకి బకెట్టు ఒక మూలా వాడొక మూలా పడ్డారు. సూపర్‌వైజరు మాత్రం ఇవేమీ చూడలేదు. పాలు తాగేశారన్నాడు, అమ్మేశారన్నాడు, పితికినవాళ్లందరికీ రెండేసి రోజుల జీతం కోసేశాడు. పాలు తగ్గితే దొంగ ఎవడా అని వెతకడమే తప్ప ఆవుకేమైందని అడిగే అలవాటు అలాంటి వాళ్లకి ఏ బడీ నేర్పదు.

అయిదో రోజు పొద్దున దగ్గుతాత తిరిగొచ్చాడు. అప్పుడు షెడ్డులో ఉన్నది మేనకోడలు ఒక్కతే.

ఆమె అతని చెల్లెలి కూతురు. మొగుడు పోయాక మూడేళ్ల పిల్లని చంకనేసుకుని వచ్చి పదకొండేళ్లుగా ఈ షెడ్డులో పేడ ఎత్తుతోంది. పితకడం మగవాళ్ల పని, పేడ ఆడవాళ్ల పని. ఆ మాట ఏ కాగితం మీదా రాసి లేదు, రాయకపోబట్టే చెరపడానికి వీల్లేకుండా పోయింది. పితికేవాళ్లవి పర్మినెంటు ఉద్యోగాలు, వెనక వరసలో ఒక్కో గది. పేడ ఎత్తేవాళ్లని ఏ రోజుకారోజు రమ్మంటారు, వద్దంటారు. ఆ రోజు ఆమె పార చేత్తో పట్టుకుని కాలువ దగ్గర నిలబడి ఉంది. గేటు దగ్గర దగ్గు వినిపించింది. పన్నెండు ఆవులూ ఒక్కసారి చెవులు తిప్పాయి. ఆమె చూస్తుండగానే పొదుగులు బిగిశాయి, చన్నుల కొసల నుంచి టపటపా పాలచుక్కలు సిమెంటు మీద రాలాయి. అతను ఇంకా గేటు దాటలేదు. ఆ చేతులు ఇంకా తువ్వాలు కిందే ఉన్నాయి.

మధ్యాహ్నం టీ గ్లాసు అందిస్తూ చెప్పేసింది. "మావయ్యా, కోపం తెచ్చుకోకు. నీ చేతిలో ఏం లేదు. ఉన్నదంతా నీ దగ్గులోనే ఉంది."

కోపం తెచ్చుకోకు అన్నాక తెచ్చుకోనివాడెవడు? మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె ఎదురొస్తే పక్కకి తిరిగి నడిచాడు. ఆమె ఇచ్చిన టీని పిల్లికి పోశాడు. పేడ ఎత్తుకునేదానికి పాల సంగతి ఏం తెలుసని పొట్టివాడి దగ్గర గొణిగాడు. కాని మాట చెవిలో దూరిందంటే చీమ దూరినట్టే. మూడో రోజు ఎండపొద్దున, పితికే వేళ కాని వేళ, ఎవరూ చూడకుండా షెడ్డు వెనక్కి వెళ్లి, గోడకున్న బొక్కలో కన్ను పెట్టి, ఒక్కసారి దగ్గాడు.

లోపల పన్నెండు తలలు ఇటు తిరిగాయి. చుక్కలు రాలాయి.

చాలాసేపు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, వాటి వంక ఎవరో పరాయివాళ్ల చేతుల్ని చూసినట్టు చూశాడు. ముప్ఫై నాలుగేళ్లలో ఎన్ని ఆవులొచ్చాయి, ఎన్ని పోయాయి. ప్రతిదీ మొదటి వారంలోనే నేర్చుకుంది. దగ్గు వినపడిందంటే దాణా వస్తుంది, గోరువెచ్చని నీళ్లొస్తాయి, పొదుగు బరువు దిగుతుంది. తను నేర్పానని కూడా తనకి తెలియదు. తనని మింగేస్తున్న రోగమే వాటికి మంచి కబురై కూర్చుంది. అప్పుడు అతనికి ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గితే లోపల మళ్లీ చుక్కలు రాలాయి.

ఆ సాయంత్రం తన గది వెనక మేనకోడలూ పిల్లా ఉండే వసారాకి వెళ్లాడు. ఆమె లేదు. చేతులు కడుక్కుందామని కుళాయి దగ్గరికి వెళ్లేసరికి అక్కడ డాక్టర్లు చేతికి తొడుక్కునే రబ్బరు తొడుగు ఒకటి నీళ్లు నింపి తాడుతో వేలాడదీసి ఉంది. నాలుగు వేళ్ల కొసలకీ సూదితో బెజ్జాలు పొడిచి ఉన్నాయి. పట్టుకుని పైనుంచి కిందికి ఒక్కో వేలూ మడిచి నొక్కి చూశాడు. ధార వచ్చింది. తాడు ముడి దగ్గర రబ్బరు అరిగిపోయి ఉంది. అంటే ఇది మొన్నో నిన్నో కట్టింది కాదు. పదకొండేళ్లు పార పట్టుకుని వెనక నిలబడి ఆమె పేడ ఒక్కటే చూడలేదన్నమాట. తను కూడా అంతే కదా, అమ్మ ఆవుని పితుకుతుంటే పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నాడు. తనకి నేర్పినవాళ్లెవరూ లేరు. వద్దన్నవాళ్లు కూడా లేరు. అదొక్కటే తేడా.

ఆమె వచ్చాక ఉన్నమాట చెప్పాడు. డాక్టరు నెల అన్నాడు, మహా అయితే రెండు. తను పోతే ఈ పన్నెండూ దగ్గు కోసం ఎదురుచూసి ఎదురుచూసి, పొదుగులు గట్టిపడి, జ్వరాలొచ్చి, లారీ ఎక్కుతాయి. వట్టిపోయిన ఆవుల్ని తీసుకుపోయే లారీ అది, ఎక్కినవి తిరిగి రావు.

"నువ్వు పితకాలే" అన్నాడు. "ముందు వాటికి నా దగ్గు మాన్పించాలి."

దొరికిన దారి మగ్గు. పొదుగులు కడిగే పాత పింగాణీ పూత మగ్గు, పిడికి దారంతో ఒక చెంచా కట్టారు. మొదటి అయిదు రోజులూ పప్పులో కాలేశారు. ముందు అతను దగ్గేవాడు, వెంటనే ఆమె మగ్గు కొట్టేది. ఆరో రోజు దగ్గు లేకుండా మగ్గు కొట్టి చూస్తే ఒక్క ఆవూ చెవి కూడా కదపలేదు. ముసలాడు నీరుగారిపోయాడు. ఆమె రాత్రంతా ఆలోచించి పొద్దున చెప్పింది, బస్సు వెళ్లిపోయాక గంట కొడితే ఎవరెక్కుతారు మావయ్యా, ముందు గంట కొట్టాలి కదా అని. అప్పటి నుంచి ముందు మగ్గు, తరవాత దగ్గు. రోజుకి రెండు పూటలా. వారం తిరిగేసరికి మగ్గు మోగితే చెవులు లేచాయి. పది రోజులకి నత్త అని పిలిచే మందకొడి ఆవు కూడా దగ్గు దాకా ఆగకుండా చేపింది. అక్కడి నుంచి దగ్గుని తగ్గించుకుంటూ వచ్చారు. గేటు దగ్గరి దగ్గు గుమ్మంలోకి, గుమ్మంలోది తువ్వాల్లోకి, తువ్వాల్లోది గొంతులోకి.

పన్నెండో కొట్టంలో పాత ఆవు వట్టిపోతే, అప్పుడే ఈనిన తొలిచూలు ఆవుని ఈ మధ్యలోనే తెచ్చి కట్టారు. దాన్ని అందరూ కొత్తది అనేవాళ్లు. దానికి పాత సంగతులేవీ తెలియవు. మనిషి చెయ్యి పడితే వణికేది, కాలు విసిరేది. దాని పక్క కొట్టంలో పెద్దమ్మ ఉంది, తొమ్మిదేళ్ల ఆవు. పెద్దమ్మ ప్రశాంతంగా నెమరేస్తూ పాలిస్తుంటే కొత్తది మెడ తాడు బిగిసేదాకా ఇటు తిరిగి గుడ్లప్పగించి చూసేది. నాలుగు పూటలు చూసింది. అయిదో పూట మేనకోడలు మగ్గు కొట్టి కూర్చుంటే కాలు ఎత్తింది, పెద్దమ్మ వంక చూసింది, ఎత్తిన కాలు దించేసింది.

ఇది ఇలా నడుస్తుండగా మేనకోడలు ఎవరికీ చెప్పకుండా ఆఫీసు గదికి వెళ్లి, దగ్గు సంగతీ మగ్గు సంగతీ చెప్పి, మావయ్య ఉద్యోగం తనకి కావాలని అడిగింది. సూపర్‌వైజరు మొదట నవ్వాడు, ఆఫీసు అంతటికీ చెప్పి నవ్వించాడు. పాలు పితకడానికి క్షయ రోగం ఉండాలా అన్నాడు. కాని అతనికీ వేరే గతి లేదు. జీతం కోత తిన్నాక ఆ షెడ్డు గడప తొక్కబోమని మిగతా పాలగాళ్లు తెగేసి చెప్పారు. ముసలాడు మానేస్తే ఒకటో తారీకు నుంచి బయటి కాంట్రాక్టు మనుషుల్ని పెట్టాలి, చేపని ఆవులుంటే లారీ ఎక్కించాలి. చివరికి ఒక్క సాయంత్రం అవకాశం ఇచ్చాడు. ఆమె పితకాలి, రెండు క్యాన్లు నిండాలి. ముసలాడు దగ్గకూడదు.

నేను ఊళ్లోకి వెళ్లిపోతాను అన్నాడు దగ్గుతాత.

"వెళ్తే ఏ గోడ వెనక నక్కి దగ్గుతావో నాకేం తెలుసు?" అన్నాడు సూపర్‌వైజరు. "నా పక్కనే కుర్చీలో కూర్చోవాలి. ఒక్క దగ్గు దగ్గినా పాలు లెక్కలోకి రావు."

ఆ సాయంత్రమే ఇవాళ.

పొద్దుటి పాలు పూర్తయ్యాక ఇద్దరూ గట్టు మీద కూర్చుని టీ తాగారు. దూరంగా మోటారు సైకిలు చప్పుడైంది. రెండో షెడ్డు దగ్గర బాతాఖానీ వేస్తున్న నలుగురూ దిగ్గున లేచారు, గ్లాసులు వెనక దాచారు, ఒకడు ఉత్త చేత్తోనే నేల ఊడుస్తున్నట్టు వంగాడు. తీరా చూస్తే వచ్చింది సూపర్‌వైజరు కాదు, మందుల కొట్టువాడు. మేనకోడలు కూడా సగం లేచి మళ్లీ కూర్చుంది. దగ్గుతాత ఆమె వంక చూసి తువ్వాలు చాటున కిసుక్కున నవ్వాడు.

"మనకీ మగ్గు కొట్టేవాళ్లున్నారే" అన్నాడు. "ఆవులకి దాణా అన్నా దొరుకుతుంది."

మధ్యాహ్నం అతను తినలేదు. తింటే దగ్గొస్తుందని. తాగిన నీళ్లు కూడా గుక్కెడు. డాక్టరిచ్చిన తీపి మందు ఒక మూతకి రెండు మూతలు తాగి గదిలో గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆమె గోళ్లు మొదలంటా కత్తిరించుకుని, చేతులకి కాస్త నూనె రాసుకుని, బకెట్లు రెండుసార్లు కడిగింది. బడి నుంచి వచ్చిన కూతురు, అమ్మా నీకు భయమేస్తోందా అని అడిగింది. లేదని చెప్పబోయి, వేస్తోంది అంది. పన్నెండు ఆవులు చేపకపోతే మావయ్య ఉద్యోగం మీద వచ్చిన ఈ గదీ వసారా రేపు ఉండవు. ఆ ముక్క పిల్లకి చెప్పలేదు.

నాలుగింటికి సూపర్‌వైజరు వచ్చి షెడ్డు గుమ్మంలో రెండు కుర్చీలు వేయించాడు. ముప్ఫై నాలుగేళ్లలో దగ్గుతాత ఆ షెడ్డులో కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. ఎలా కూర్చోవాలో తెలియక అంచున కూర్చున్నాడు, మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని, వాటి మధ్య బకెట్టు ఉన్నట్టు. తువ్వాలు నాలుగు మడతలు పెట్టి నోట్లో కరుచుకున్నాడు. కాలువ అవతల పేడ ఎత్తే ఆడవాళ్లు ముగ్గురు పారలు పట్టుకుని పని ఉన్నట్టే నిలబడ్డారు.

టిక్, టిక్, టిక్.

మొదటి ఆవు చెవి తిప్పింది. గుమ్మంలో ఉన్న ముసలాడి వంక చూసింది. మేనకోడలు గోరువెచ్చని నీళ్లతో పొదుగు తుడిచి, పీట వేసుకుని, నుదురు డొక్కకి ఆనించింది. ఒక క్షణం ఏమీ లేదు. తరవాత బకెట్టు టంగుమంది. కాలువ అవతల ఎవరో ఊపిరి వదిలారు.

రెండోది చేపింది. మూడోది చేపింది. నత్త ఎప్పటిలాగే ఆలస్యం చేసి చేపింది. ఆమె చేతులు మొదట్లో తడబడ్డాయి, ఆరో ఆవు దగ్గరికి వచ్చేసరికి వాటి దారి అవి చూసుకున్నాయి. ముసలాడి గొంతులో ఏదో పైకెగబాకుతోంది. మెడ నరాలు తాళ్లలా తేలాయి, కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ముఖం నల్లబడింది. మింగాడు. మళ్లీ వచ్చింది, మళ్లీ మింగాడు. సూపర్‌వైజరు ఓరకంట చూస్తూనే ఉన్నాడు. అతనికి ఒక సంగతి మాత్రం వింతగా అనిపించింది. ముసలాడి చేతులు ఒళ్లో ఊరికే లేవు. ఆమె అక్కడ పితుకుతుంటే ఇక్కడ అవి కూడా మూసుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి, అదే లెక్కలో, ఒక దాని తరవాత ఒకటి.

పదకొండో కొట్టంలో పెద్దమ్మ దగ్గర వరస ఆగింది. మగ్గు మోగింది. పెద్దమ్మ చెవి తిప్పింది కాని పొదుగు కదలలేదు. ఏళ్ల తరబడి అలవాటు దానిది. తల పూర్తిగా తిప్పి గుమ్మం వైపు, కుర్చీలో కూర్చున్న మనిషి వైపు చూస్తూ నిలబడింది, నీ వంతు నువ్వు కానివ్వు అన్నట్టు. ఆమె మళ్లీ కొట్టింది. పెద్దమ్మ చూపు తిప్పలేదు. రెండో క్యానుకి ఇంకా జానెడు వెలితి ఉంది. పెద్దమ్మ లేకుండా అది నిండదు.

"సరే మరి" అని సూపర్‌వైజరు కుర్చీలో కదిలాడు.

ముసలాడు తువ్వాలుని ఇంకా లోపలికి కుక్కుకున్నాడు. ఒక్క దగ్గు. ఒక్కటంటే ఒక్కటి. అది చాలు పెద్దమ్మకి, అదే చాలు అంతా పోవడానికి కూడా. అతను కళ్లు గట్టిగా మూసుకున్నాడు, పెద్దమ్మ చూపు తన మీద పడకుండా.

మేనకోడలు లేచింది. పెద్దమ్మని బతిమాలలేదు, మూడోసారి మగ్గు కొట్టలేదు. పీట తీసుకుని పక్క కొట్టంలోకి, కొత్తదాని దగ్గరికి వెళ్లింది. అక్కడ కూర్చుని మెల్లగా కొట్టింది. కొత్తది క్షణం ఆలస్యం చెయ్యలేదు. దానికి తెలిసిందల్లా ఆ మగ్గే. బకెట్టు టంగుమంది, జుయ్యిమంది, గుసగుసలాడింది. కొత్తది సుఖంగా తల వాల్చి నెమరు వెయ్యడం మొదలుపెట్టింది. పెద్దమ్మ గుమ్మం వైపు నుంచి తల తిప్పి దాన్ని చూసింది. చాలాసేపు చూసింది. పాల చప్పుడు వింటూ చూసింది.

ఆమె ఖాళీ బకెట్టుతో తిరిగొచ్చి మగ్గు ఎత్తింది. టిక్, టిక్. మూడోది కొట్టే అవసరం లేకపోయింది. పెద్దమ్మ చన్ను కొస నుంచి ఒక చుక్క, దాని వెనకే ఇంకో చుక్క, సిమెంటు మీద రాలాయి.

ముసలాడు ఆ చుక్కల చప్పుడు విన్నాడు. ముప్ఫై నాలుగేళ్లుగా విన్న చప్పుడు, కళ్లు తెరవక్కర్లేదు. అయినా తెరిచాడు. ఆమె నుదురు డొక్కకి ఆనించి ఉంది, ఎడమ పక్కకి ఒరిగి, సరిగ్గా తనలాగే. ఎవరూ చెప్పకుండానే. అతని భుజాలు కొంచెం కిందికి దిగాయి. ఒళ్లో చేతులు మూసుకుంటూ తెరుచుకుంటూనే ఉన్నాయి.

రెండో క్యాను మెడ దాకా వచ్చింది. నురగ అంచు మీద నుంచి పొంగి పక్కకి జారింది. సూపర్‌వైజరు లేచి వెళ్లి చూశాడు. గుడ్డతో నురగ తుడిచి మళ్లీ చూశాడు. ఇంకెక్కడా చూడటానికేమీ లేక తిరిగి వచ్చాడు.

"నిండాయి" అన్నాడు. మంచివాడు కాదు కాని గుడ్డివాడు కూడా కాదు. "రేపటి నుంచి హాజరుపట్టీలో ఆమె పేరు రాస్తాను. ఇంక దగ్గుకో తాతా, ఎవరూ ఏమనరు."

దగ్గుతాత దగ్గలేదు.

తువ్వాలు ఒళ్లోకి జారి ఉంది. రెండు చేతులూ మూసుకుని ఉన్నాయి, బొటనవేళ్లు లోపలికి మడిచి, మెత్తగా. చూపు పదకొండో కొట్టం మీద ఉంది. మేనకోడలు బకెట్టు దించి వచ్చి అతని ముందు మోకాళ్ల మీద కూర్చుంది. మావయ్యా అని పిలవలేదు. ఆ రెండు పిడికిళ్లనీ తన పాల చేతుల్లోకి తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటీ విప్పింది. అవి చివరిదాకా విచ్చుకున్నాయి. అన్నేళ్లలో ఆ చేతులు అంత తిన్నగా చాచుకోవడం ఎవరూ చూడలేదు. సూపర్‌వైజరు తను కూర్చున్న కుర్చీని ఏం చెయ్యాలో తెలియక దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు.

మనిషి పోయాడని ఆవుల పొదుగులు ఆగవు. మర్నాడు తెల్లవారకముందే ఆమె షెడ్డులో ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి, గోళ్లు శుభ్రంగా ఉన్నాయి. గేటు దగ్గర దగ్గు వినిపించలేదు. ఆవులు కాసేపు అటు చెవులు పెట్టాయి. మగ్గు మోగాక చెవులు ఇటు తిరిగాయి. మొదటిది చేపింది. పెద్దమ్మ కూడా చేపింది. ఆమె నాలుగో ఆవు కింద ఉండగా కాలువ అవతల పారల చప్పుడు ఆగిపోయింది. తల ఎత్తితే ముగ్గురూ పని ఆపి ఆమె చేతుల వంకే చూస్తున్నారు. వాళ్లలో పెద్దావిడ మోటుగా అంది, ఏమే, బొటనవేలు లోపలికి మడుస్తున్నావా, బయటికా?

"లోపలికి" అంది మేనకోడలు. "అంత దూరం నుంచి ఏం కనపడుతుంది వదినా? దగ్గరికి రండి."

ముగ్గురూ పారలు గోడకి ఆనించి కాలువ దాటి వచ్చారు. అంతలో బయట మోటారు సైకిలు చప్పుడైంది. ముగ్గురూ ఉలిక్కిపడి పారల వైపు రెండడుగులు వేశారు. ఆమె లేవలేదు. ధార ఆపలేదు, తల కూడా డొక్క మీద నుంచి తియ్యలేదు. వాళ్లు ఆమె వంక చూశారు. పెద్దావిడ వెనక్కి వచ్చి పీట పక్కన గొంతుకూర్చుంది. మిగతా ఇద్దరూ ఆవిణ్ని చూసి కూర్చున్నారు. బండి ఆగిన చప్పుడు విన్నారు, అడుగుల చప్పుడు విన్నారు, అవి గుమ్మం దాకా వచ్చి కాసేపు ఆగి అలాగే వెళ్లిపోవడం విన్నారు.

పాలు పూర్తయ్యాక ఆమె క్యాన్ల మూతలు బిగించి, బకెట్లు కడిగి బోర్లించి, మగ్గుని గుమ్మం పక్క మేకుకి తగిలించింది. అంచు మీద మూడు చోట్ల పింగాణీ రాలి నల్లటి ఇనుము బయటపడింది. పిడికి కట్టిన దారానికి చెంచా వేలాడుతోంది. ఆమె క్యాను ఎత్తుకుని ఎండలోకి వెళ్లాక గాలి ఒకటి గుమ్మంలోంచి వచ్చి ఆ చెంచాని మగ్గుకి తాకించింది. చివరి కొట్టంలో కొత్తది నెమరు ఆపి తల తిప్పింది. ఖాళీ అయిన పొదుగు కింద, చన్ను కొసన, ఇంకా ఎక్కడ దాచుకుందో ఒక్క తెల్లని చుక్క వచ్చి నిలిచింది. మేకు మీద మగ్గు సన్నగా ఊగుతూనే ఉంది.